బిల్లు ఆడబిడ్డ భర్తది, ఆమోదం నాది.. ఏం చేయాలి?

తెలంగాణలోని ఒక మున్సిపాలిటీలో కౌన్సిలర్‌గా ఉన్న మహిళ ఈసారి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఊరు, వార్డు గుర్తుపట్టే వివరాలు పక్కన పెట్టి సంగతి చెబుతాను.

ఆమెకు ముప్పై ఆరేళ్లు. డిగ్రీ చదివారు. వార్డు మహిళలకు రిజర్వ్ కావడంతో అత్తింటివాళ్లు నిలబెట్టారు, గెలిచారు. మొదట్లో మున్సిపల్ ఆఫీసు పనులన్నీ భర్తే చూసేవారు. ఇప్పుడు ఆమే వెళ్తున్నారు, అజెండా కాగితాలు తనే చదువుతున్నారు. చదవడం మొదలుపెట్టాకే ఈ చిక్కు వచ్చింది.

ఆమె గెలవడానికి ముందు కాలనీలో రెండు మూడు గొలుసు దొంగతనాలు జరిగాయి. కాలనీవాళ్లు ఇంటింటికీ చందాలు వేసుకుని, రెండు లక్షల నలభై వేలతో పన్నెండు సీసీ కెమెరాలు పెట్టించుకున్నారు. పోలీసులే దగ్గరుండి పెట్టించారు. మానిటర్ వార్డు ఆఫీసులో ఉంది. వచ్చే కౌన్సిల్ మీటింగ్ అజెండాలో అదే వార్డుకు ‘సీసీ కెమెరాల ఏర్పాటు’ పేరుతో రెండు పనులు, మొత్తం నాలుగు లక్షల ఎనభై ఆరు వేల బిల్లు, రాటిఫికేషన్ (జరిగిన పనికి కౌన్సిల్ ఆమోదం) కోసం వచ్చాయి. కాంట్రాక్టర్ ఆమె ఆడబిడ్డ భర్త. అనుమానం వచ్చి ఆమె సాయంత్రం పూట వీధులన్నీ తిరిగి చూశారు. కొత్త స్తంభం ఒక్కటీ కనపడలేదు. పాత స్తంభాలకే కొత్తగా తెల్లరంగు వేసి మున్సిపాలిటీ పేరు రాశారు. వంగి చూస్తే ఆ రంగు కింద ‘కాలనీ వాసుల సౌజన్యంతో’ అన్న పాత అక్షరాలు ఇంకా తెలుస్తున్నాయట.

ఇది ఇలా ఉండగా పారిశుద్ధ్య కార్మికులు నలుగురు ఆడవాళ్లు పొద్దున్నే ఆమె ఇంటికి వచ్చారు. హాజరు వేసే మస్టర్ పాయింట్ దగ్గర వాళ్లు బట్టలు మార్చుకునే షెడ్డుకు తలుపు లేదు, చీర అడ్డం కట్టుకుంటారు. ఎదురుగా ఉన్న స్తంభం మీది కెమెరాను హాజరు కోసమని ఆ షెడ్డు వైపే తిప్పారు. వాళ్ల పని చూసే జవాను దాన్ని ఫోన్‌లో చూస్తాడు. కాసేపు కూర్చుంటే సగం పూట జీతం కోస్తానని బెదిరిస్తాడు. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, పద్నాలుగు పేర్లున్నాయి, పనికి వచ్చేది తొమ్మిది మందే అని కూడా వాళ్లు చెప్పారు.

విషయం ఇంట్లో కదిపితే అత్తగారు ‘ఆడబిడ్డ సంసారంలో నిప్పులు పోస్తావా’ అన్నారు. భర్త మాట్లాడలేదు. ఆయన తన బావకు వ్యాపారం కోసం మూడు లక్షలు చేబదులు ఇచ్చి ఉన్నారు, బిల్లు వస్తే ఆ డబ్బు తిరిగి వస్తుంది. మీటింగ్ ఇంకా పన్నెండు రోజులుంది. ‘చేయెత్తాలా? ఆ రోజు ఒంట్లో బాగాలేదని మానేయాలా? విలేకర్లకు చెప్పాలా? అసలు ఈ కెమెరాలే తీసేయించాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు’ అని అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరంలో మూడు విషయాలు ఒకదానికొకటి చుట్టుకుపోయి ఉన్నాయి. షెడ్డు, మస్టర్, బిల్లు. మూడింటిలోనూ కెమెరా ఉంది కాబట్టి మీకు ఒకే సమస్యలా కనిపిస్తోంది. వీటిని విడదీస్తే రేపే చేయాల్సింది ఏది, పది రోజుల్లో చేయాల్సింది ఏది, ఇంట్లో తేల్చుకోవాల్సింది ఏది అన్నది స్పష్టమవుతుంది.

షెడ్డు సంగతి ముందు. దీనికి కౌన్సిల్ తీర్మానం అక్కర్లేదు, చుట్టాల మొహం చూడాల్సిన పని అంతకన్నా లేదు. తనను ఎవరూ చూడటం లేదని నమ్మి ఆంతరంగికమైన పనిలో ఉన్న స్త్రీని చూడటం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా శిక్ష ఉంది. చీర అడ్డం ఉంది కదా, హాజరు కోసమే కదా అని ఎవరైనా సర్దిచెప్పబోతే వినకండి. గాలికి ఎగిరే చీరను నమ్ముకుని ఆ ఆడవాళ్లు రోజూ బట్టలు మార్చుకుంటున్నారు.

రేపు పొద్దున్నే కమిషనర్‌కు ఫోన్ చేసి, వెంటనే అదే విషయం కాగితం మీద ఇవ్వండి. కెమెరాను ఈ రోజే పక్కకు తిప్పాలి, షెడ్డుకు తలుపు పెట్టాలి, కెమెరా పాస్‌వర్డ్ మార్చాలి, ఇప్పటిదాకా ఎవరెవరి ఫోన్లలో దాన్ని చూసే వీలుందో రాసివ్వాలి. రికార్డింగ్ దాచే పెట్టె డీవీఆర్‌ను ఎవరూ తెరవకుండా సీలు వేసి కమిషనర్ కస్టడీలో పెట్టమని కూడా రాయండి. ఏముందో చూద్దామని మీరు గానీ మీవాళ్లు గానీ ఆ రికార్డింగ్ తెరవవద్దు. అందులో ఆ ఆడవాళ్లే ఉంటారు. ఫోన్‌లోకి ఎక్కించుకుని ఒకరికి పంపినా అది ఎక్కడిదాకా పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఫిర్యాదు చేయాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం ఆ నలుగురిదే. మున్సిపాలిటీలో పని ప్రదేశంలో లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలి. 2013 చట్టం పర్మినెంట్ ఉద్యోగులకే కాదు, కాంట్రాక్టు కార్మికులకూ వర్తిస్తుంది. లేదంటే మహిళల భద్రత చూసే పోలీసు బృందాలు, షీ టీమ్స్‌కు చెప్పవచ్చు. ఈ రెండు దారులూ వాళ్ల ముందు పెట్టండి, తోడు వెళ్తానని చెప్పండి. వాళ్ల తరఫున మీరే ముందుకు దూకి నాలుగు పేర్లూ బయటపెడితే మరుసటి నెల పని పోయేది వాళ్లకే. అక్రమాలు బయటపెట్టేవారిని కాపాడటానికని 2014లో పార్లమెంటు చట్టం చేసింది గానీ, దాన్ని అమల్లోకి తేలేదు. కాబట్టి వాళ్లకు మీరు ఇవ్వగలిగిన పెద్ద రక్షణ, మీ కాగితాల్లో వాళ్ల పేర్లు రాకుండా చూసుకోవడమే. ‘షెడ్డును నేను స్వయంగా చూశాను’ అని రాయండి. ముందు వెళ్లి చూసి రండి.

ఇక మస్టర్. ఇక్కడ నన్ను బాధపెట్టిన విషయం ఒకటి చెప్పాలి. హాజరు కోసమని పెట్టిన కెమెరా, వచ్చిన తొమ్మిది మంది ఎంతసేపు కూర్చున్నారో లెక్క కడుతోంది. రాని ఐదుగురి పేర్ల మీద జీతం ఎవరు తీసుకుంటున్నారో దానికి తెలియదు, తెలుసుకోవాలని ఎవరూ దాన్ని అక్కడ పెట్టలేదు. మోసం జరిగేది రిజిస్టర్‌లో. కెమెరా చూసేది వీధిని.

యంత్రం పెడితే దొంగ హాజరు ఆగుతుందన్న నమ్మకం మన దగ్గర చాలాసార్లు వమ్మైంది. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ పారిశుద్ధ్య సిబ్బందికి బయోమెట్రిక్ పెడితే, కృత్రిమ వేలిముద్రలు తయారుచేసి రాని వాళ్లకు హాజరు వేశారు. ఆ కేసుల్లో అరెస్టులు కూడా జరిగాయి. ఆ తర్వాత అక్కడ ముఖ గుర్తింపు హాజరు తెచ్చారు. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి నుంచి యాప్‌లో ఫొటో తప్పనిసరి చేస్తే, పనికి సంబంధం లేని ఫొటోలు, ఫొటోకే తీసిన ఫొటోలు ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్రమే రాష్ట్రాలకు లేఖ రాయాల్సి వచ్చింది. అదే ఉపాధి హామీలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికి దారి చూపించింది దేనితోనంటే సామాజిక తనిఖీతో. ఊళ్లో జనం మధ్య కూర్చుని మస్టర్‌లోని పేర్లు పైకి చదివి ‘నువ్వు పనికి వెళ్లావా, నీకు డబ్బు ముట్టిందా’ అని అడిగే పద్ధతి అది. 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీనే పెట్టారు.

మీ వార్డులో మీరు చేయగలిగింది కూడా అదే దారిలో ఉంది. కార్మికులు అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా పనిచేస్తున్నారు కాబట్టి ఏజెన్సీ నెలనెలా పీఎఫ్ కట్టాలి. ఆ చలానాతో పాటు ఎవరి పేరు మీద ఎంత కట్టారో జాబితా ఉంటుంది. ఈఎస్‌ఐకీ అంతే. మస్టర్, పీఎఫ్ జాబితా, జీతాలు జమైన బ్యాంకు జాబితా, ఈ మూడూ పక్కపక్కన పెట్టమని కమిషనర్‌ను అడగండి. పద్నాలుగు పేర్లలో ఐదు మూడో కాగితానికి వచ్చేసరికి మాయమైతే విషయం తేలిపోయినట్టే. మూడింట్లోనూ ఉండి మనుషులు మాత్రం పనికి రాకపోతే, వాళ్లను ఇంకెక్కడో, ఏ అధికారి ఇంటి దగ్గరో పని చేయిస్తున్నారేమో అడగాలి. అలా కూడా జరుగుతుంటుంది. అందుకే ‘దొంగ పేర్లు’ అన్న మాట కమిషనర్‌కు రాసే ఉత్తరంలో ఇప్పుడే వాడకండి. ‘హాజరుకు, జాబితాకు తేడా కనిపిస్తోంది, సరిచూడండి’ అంటే చాలు.

ఇప్పుడు మీకు నిద్ర లేకుండా చేస్తున్న బిల్లు దగ్గరకు వద్దాం. మీరు చూసిన స్తంభాలు గట్టి అనుమానానికి తావిస్తున్నాయి. కానీ అనుమానం వేరు, రుజువు వేరు. పాత కెమెరాలు పాడైతే కొత్తవి బిగించి ఉండవచ్చు, కేబుల్, డీవీఆర్ మార్చి ఉండవచ్చు. అలాగైతే పని పేరు ‘ఏర్పాటు’ అని కాకుండా మరమ్మతు అనో మార్పిడి అనో ఉండాలి, పాత కెమెరాలు ఎక్కడికి పోయాయో చెప్పాలి. ఇదంతా కాగితాల మీద తేలే విషయమే.

ఒక బిల్లు మీ ముందుకు రావాలంటే దాని వెనక ఎస్టిమేట్ ఉంటుంది, వర్క్ ఆర్డర్ ఉంటుంది, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పని కొలిచి రాసిన ఎం-బుక్ (కొలతల పుస్తకం) ఉంటుంది, దాన్ని పైఅధికారి సరిచూసిన సంతకం ఉంటుంది. ఎం-బుక్‌లో ఏ రోజు, ఏ స్తంభం దగ్గర, ఎన్ని కెమెరాలు అన్నది ఉండాలి. కెమెరా కొన్న జీఎస్టీ ఇన్‌వాయిస్ అడగండి. దాని మీదున్న నంబర్ నిజమైనదో కాదో జీఎస్టీ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ప్రతి కెమెరాకు సీరియల్ నంబర్ ఉంటుంది, దాని మీదే ముద్రించి ఉంటుంది. కాలనీవాళ్ల దగ్గర అప్పటి కొనుగోలు బిల్లు ఉంటే, అందులోని నంబర్లూ ఇప్పుడు స్తంభం మీదున్న కెమెరా నంబర్లూ ఒకటేనా కాదా అన్నది నిచ్చెన వేసుకుని చూస్తే పూటలో తేలుతుంది. ఇంకో ప్రశ్న కూడా అడగండి. ఒకే వార్డులో ఒకే రకం పనిని రెండుగా ఎందుకు విడగొట్టారు? టెండర్ తప్పించుకోవడానికి పనిని ముక్కలు చేయడం మున్సిపాలిటీల్లో పాత పద్ధతి, ఆడిట్‌లో దొరికేది కూడా ఎక్కువగా ఇలాంటివే.

ఇవన్నీ సమాచార హక్కు (ఆర్టీఐ) కింద అడగవచ్చు. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు, రాకపోతే మరో ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు. కాగితాల నకళ్లే కాదు, పనిని, రికార్డును స్వయంగా చూసే హక్కు కూడా ఆ చట్టం 2వ సెక్షన్‌లోనే ఉంది. అయితే మీకు పన్నెండు రోజులే ఉన్నాయి కాబట్టి ఆ ముప్పై రోజుల దారి మీటింగ్‌కు పనికిరాదు. మీరు కౌన్సిల్ సభ్యురాలు. ఆమోదించమని మీ ముందు పెట్టిన అంశం మీద ఫైలు చూపించమని మీ లెటర్‌హెడ్ మీద రాసి, అందినట్టు ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి. ఆర్టీఐ దరఖాస్తు కాలనీ పెద్దల్లో ఎవరైనా వేస్తారు. చందా వాళ్లదే కాబట్టి అడిగే న్యాయం వాళ్లకే ఎక్కువ. మస్టర్ పేర్లు మాత్రం వాళ్ల చేత ఆర్టీఐలో అడిగించకండి. వ్యక్తిగత సమాచారం మీద ఉన్న మినహాయింపు 2025 నవంబరు నుంచి మరింత బిగిసింది, ఆ సాకుతో మొత్తం దరఖాస్తునే తిప్పికొట్టే వీలుంది. ఎంతమంది, ఎన్ని రోజులు, ఎంత మొత్తం అని అడిగితే ఆ ఇబ్బంది రాదు.

మీటింగ్ రోజు సంగతికి ముందు, మీరు ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయిన మూడు లక్షల చేబదులు గురించి మాట్లాడాలి. నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో మీకు ఎక్కువ ప్రమాదం తెచ్చేది అదే.

కాంట్రాక్టర్ ఆడబిడ్డ భర్త కావడం ఒక్కటే అయితే అది చుట్టరికం. కానీ మీ భర్త డబ్బు అందులో ఉంది, బిల్లు పాసైతే ఆ డబ్బు మీ ఇంటికి వస్తుంది. అప్పుడు అది ఆర్థిక ప్రయోజనం కిందికి రావచ్చు. మున్సిపాలిటీ కాంట్రాక్టులో కౌన్సిలర్‌కు ప్రయోజనం ఉంటే పదవికే ముప్పు వస్తుంది. తనకు డబ్బు సంబంధం ఉన్న అంశం మీద ఓటు వేయకూడదన్నది స్థానిక సంస్థల్లో ఉన్న కట్టుబాటు. పైగా నామినేషన్‌తో ఇచ్చిన అఫిడవిట్‌లో మీ ఆస్తులే కాదు, మీ భర్త ఆస్తులూ ఇచ్చిన అప్పులూ చూపించాలి. ఆ మూడు లక్షలు అప్పటికే ఇచ్చి ఉంటే అందులో ఉందో లేదో ముందు తీసి చూసుకోండి. ఇది లాయర్‌ను కలిసి అడగాల్సిన విషయం, మీ మున్సిపాలిటీతో సంబంధం లేని లాయర్‌ను.

చేయకూడని పని కూడా చెబుతాను. ఇప్పుడు కంగారుపడి పాత తేదీతో ప్రామిసరీ నోటు రాయించడం, డబ్బు ముట్టినట్టు రసీదు పుట్టించడం లాంటివి చేయవద్దు. ఈ రోజు మీరు చేయని తప్పుకు రేపు జవాబుదారీ కావాల్సి వస్తుంది.

మీటింగ్ రోజు చేయెత్తితే ఏమవుతుంది? ఇంట్లో ఆ రాత్రికి గొడవ ఉండదు. బిల్లు పాసవుతుంది. కానీ తర్వాత ఆడిట్ అభ్యంతరం వచ్చినా, కాలనీవాళ్లు రసీదులు పట్టుకుని కలెక్టరేట్‌కు వెళ్లినా, ఆ తీర్మానంలో మీ పేరు ఉంటుంది. కాంట్రాక్టర్ మీ బంధువు అన్నది అప్పుడు ఎవరూ మరచిపోరు.

మానేస్తే? చాలామంది ఎంచుకునే దారి ఇదే. చట్టం దృష్టిలో చేయెత్తినదాని కన్నా మేలే గానీ, మీ వార్డు పని మీద, మీకు అన్నీ తెలిసి, ఆ రోజే మీకు జ్వరం వచ్చిందంటే జనం దాన్ని వేరుగా అర్థం చేసుకుంటారు. బిల్లు ఎలాగూ పాసవుతుంది.

మూడో దారి కొంచెం కష్టమైనది. మీటింగ్‌కు నాలుగైదు రోజుల ముందే చైర్‌పర్సన్‌కూ కమిషనర్‌కూ ఉత్తరం ఇవ్వడం. అందులో మూడు విషయాలు చాలు. కాంట్రాక్టర్ నాకు బంధువు, మా కుటుంబానికి ఆయనతో డబ్బు లావాదేవీ ఉంది కాబట్టి ఈ అంశం మీద ఓటింగ్‌లో పాల్గొనను. ఈ కెమెరాలు కాలనీవాసుల చందాలతో వచ్చినవన్న సమాచారం ఉంది. స్తంభాల దగ్గర సంయుక్త తనిఖీ జరిగేదాకా అంశాన్ని వాయిదా వేయండి. ఆ రోజు వెళ్లండి, ఈ ఉత్తరాన్ని మినిట్స్‌లో చేర్చమని అడగండి, అంశం వచ్చినప్పుడు లేచి బయటకు రండి. మీరు ఎవరినీ దొంగ అనలేదు, కానీ ఇక అందరూ స్తంభాల దగ్గరకు వెళ్లి చూడక తప్పదు. మాట పోతుందని భయపడే అధికారులు చాలావరకు ఈ దశలోనే బిల్లు వెనక్కి తీసుకుంటారు. తీసుకోకుండా మెజారిటీతో పాస్ చేసుకున్నా, మీ ఉత్తరం రికార్డులో ఉండిపోతుంది. ఇంట్లో మాత్రం ఆ రోజు నుంచి కొన్నాళ్లు గట్టి గాలి వీస్తుంది, దానికి సిద్ధపడాలి.

నాలుగోది పై అధికారులకు ఫిర్యాదు. స్థానిక సంస్థలను చూసే అదనపు కలెక్టర్ ఉంటారు, హైదరాబాద్‌లో మున్సిపల్ పరిపాలన కమిషనర్, డైరెక్టర్ కార్యాలయం ఉంది, అవినీతి నిరోధక శాఖ ఏసీబీకి 1064 నంబర్ ఉంది. సీరియల్ నంబర్లు ఒకటేనని చేతికి దొరికాక కూడా మున్సిపాలిటీ కదలకపోతే ఇది చేయాల్సిందే. కానీ ఒకసారి అక్కడికి వెళ్లాక మీ చేతిలో ఏమీ ఉండదు. విచారణ మీ ఆడబిడ్డ భర్త దగ్గర ఆగదు, ఎం-బుక్ రాసిన ఏఈ దగ్గరకు, మీ భర్త ఇచ్చిన అప్పు దగ్గరకు కూడా వెళ్తుంది. అధికారుల నిర్ణయాల మీద దర్యాప్తుకు అవినీతి నిరోధక చట్టంలో 2018లో చేర్చిన 17ఏ సెక్షన్ ప్రకారం ముందస్తు అనుమతి కావాలి కాబట్టి త్వరగానూ తేలదు. విలేకర్ల దగ్గరకు మాత్రం ఇప్పుడే వెళ్లకండి. రుజువు చేతికి రాకముందు వార్త వస్తే, రాత్రికి రాత్రి నాలుగు కొత్త కెమెరాలు వచ్చి స్తంభాలెక్కుతాయి.

నేను మీ స్థానంలో ఉంటే మూడో దారిలో వెళ్తాను, కానీ దానికి ముందు ఇంకో తలుపు తడతాను. మీ ఆడబిడ్డ భర్తతో మాట్లాడతాను.

ఆయనను మీరు అన్న అనే పిలుస్తారు కదా, అలాగే పిలిచి, మీ భర్త పక్కన ఉండగా చెప్పండి. ‘అన్నా, స్తంభాల మీద పాత అక్షరాలు నేను చూశాను. మీటింగ్‌కు ముందే నేను ఉత్తరం ఇస్తున్నాను. మీరు కొత్తగా పెట్టింది ఉంటే నాకు చూపించండి, సంతోషంగా నా అనుమానం వెనక్కి తీసుకుంటాను. లేకపోతే బిల్లు మీరే వెనక్కి తీసుకోండి.’ బెదిరించవద్దు, బతిమాలవద్దు. ఏ తేదీన ఉత్తరం ఇస్తారో చెప్పండి. ఇలా ముందే చెబితే ఆయన జాగ్రత్తపడి సాక్ష్యాలు మార్చేయరా అని మీరు అడగవచ్చు. ఆ భయం నిజమే. అందుకే మాట్లాడటానికి ముందు రోజే ప్రతి స్తంభాన్నీ, ఆ అక్షరాలనూ తేదీ కనిపించేలా ఫొటోలు తీసి, కాలనీ పెద్దల దగ్గర ఒక సెట్ ఉంచండి. కెమెరా నంబర్లు కూడా అప్పటికే రాసిపెట్టుకోండి.

మీ భర్త మౌనం గురించి రెండు మాటలు. అది మీకు అడ్డుపడటంలా అనిపించి ఉండవచ్చు, నాకు ఆయన ఇరుక్కుపోయినట్టు కనిపిస్తున్నారు. ఒకవైపు తోబుట్టువుతో అనుబంధం, ఒకవైపు మూడు లక్షలు, ఒకవైపు మీరు. న్యాయం గురించి ఆయనతో వాదించకండి. పదవి పోయే ప్రమాదం, అఫిడవిట్ సంగతి లాయర్ దగ్గర ఆయన చెవులతో ఆయననే విననివ్వండి. ఆ మూడు లక్షలు ఈ బిల్లుతో కాకుండా, నెలనెలా వాయిదాల్లో తీసుకోవడానికి ఆయన ఒప్పుకుంటే సగం ముడి విడిపోతుంది. అత్తగారికి భయం బిల్లు గురించి కాదు, కూతురి గురించి. ఆడబిడ్డను విడిగా కలిసి ‘నీ మీద కోపంతో కాదు’ అని ఆమె కళ్లముందే చెప్పగలిగితే ఇంట్లో సగం చర్చ తగ్గుతుంది.

కెమెరాలు తీసేయించాలా అన్న ప్రశ్న మిగిలింది. వద్దు. వాటికి ఉపయోగం ఉంది. ఇన్నేళ్ల పరిశోధనల్లో వాహనాల పార్కింగ్ లాంటి చోట్ల దొంగతనాలు తగ్గినట్టు తేలింది, హింసాత్మక నేరాల మీద అంత ప్రభావం కనపడలేదు. మీ కాలనీవాళ్లు కష్టార్జితంతో పెట్టుకున్నవి అవి, గొలుసు పోయిన ఆడవాళ్ల భయం కూడా నిజమే. సమస్య ఏమిటంటే ఇప్పుడు వాటికి యజమాని ఎవరో, చూసేది ఎవరో ఎక్కడా రాసి లేదు. రాయించండి. విరాళంగా వచ్చిన ఆస్తిగా రిజిస్టర్‌లో ఎక్కించాలి. అలా ఎక్కించి ఉంటే ఈ బిల్లు వచ్చేదే కాదు. మానిటర్ గదిలోకి ఎవరు వెళ్లినా, ఎవరికి రికార్డింగ్ ఇచ్చినా ఒక పుస్తకంలో రాయాలి. ఫోన్లలో చూసే వీలు తీసేయాలి. ఎన్ని రోజులు దాచాలో నిర్ణయించాలి. జనం ఎక్కువగా వచ్చే దుకాణాలు, సంస్థలకు మన 2013 ప్రజాభద్రత చట్టం ముప్పై రోజులు అంటుంది, ఆ లెక్కే పెట్టుకోవచ్చు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. వీధిలోకి వచ్చినంత మాత్రాన ఆ హక్కు పోదు. 2020 డిసెంబరులో అదే కోర్టు పోలీస్ స్టేషన్లన్నింటిలో కెమెరాలు పెట్టమని ఆదేశించినప్పుడు, వాటి మీద నిఘాకు జిల్లా స్థాయి కమిటీ వేయమంది, ఆ కమిటీలో మేయర్‌కు చోటిచ్చింది. పోలీస్ స్టేషన్ కెమెరాలనే స్థానిక ప్రజాప్రతినిధి చూడాలని కోర్టు అనుకున్నప్పుడు, మీ వీధి కెమెరాల మీద మీరు లెక్క అడగడంలో అతి ఏమీ లేదు. మీ మున్సిపల్ చట్టంలో యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులతో వార్డు కమిటీలు ఉన్నాయి. మహిళల కమిటీకి ఆ పుస్తకాన్ని మూడు నెలలకోసారి తెరిచి చూసే పని అప్పగించండి. ఏ కెమెరా ఎటు తిరిగి ఉందో కూడా వాళ్లే నడిచి చూడాలి. షెడ్డు సంగతి కాగితాల్లో ఎవరికీ కనపడలేదు, అటుగా నడిచేవాళ్లకు కనపడింది.

పనుల వరుస చెప్పమంటే: రేపు షెడ్డు. ఆ తర్వాత ఫొటోలు, నంబర్లు. మూడో రోజుకల్లా ఫైలు చూపించమన్న ఉత్తరం, దాంతో పాటే సీలు వేసిన డీవీఆర్ మస్టర్ విచారణ పూర్తయ్యేదాకా అలాగే ఉండాలన్న మాట. దాన్ని మళ్లీ ఆన్ చేస్తే రెండు మూడు వారాల్లోనో నెలలోనో పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కిపోతుంది, తొమ్మిది మందే వచ్చారన్న ఆధారం కూడా దాంతోనే పోతుంది. తర్వాత ఎప్పుడైనా అది కోర్టుకు వెళ్లాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ అడుగుతారు కాబట్టి, తెరిచేది, తీసేది అధికారికంగానే జరగాలి. అది చూసేటప్పుడు కూడా మహిళా అధికారి ఉండాలని ఉత్తరంలో రాయండి. ఆ వారంలోనే లాయర్, ఆ తర్వాత మీ ఆడబిడ్డ భర్తతో మాట. ఆయన ఏం జవాబు చెప్పినా, మీరు చెప్పిన తేదీకి ఉత్తరం చైర్‌పర్సన్ చేతికి వెళ్లాలి. మీటింగ్‌కు మీ భర్తను వెంట తీసుకువెళ్లకండి, ఆ రోజు మీరొక్కరే వెళ్లండి.